కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళ కోసం కొత్త మోడళ్ళు కట్టడం ఎలా

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నాలుగడుగుల దూరంలో మా చిన్న యూనిట్ ఉంది. సొంత పేరు మీద డెస్క్‌టాప్‌లు కట్టి అమ్మడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్ళయింది. చాలాకాలం మా దగ్గర రెండే రకాలు ఉండేవి, ఇంటికొకటి, ఆఫీసుకొకటి. ఇప్పుడు ఐదున్నాయి. మీరు కూడా సొంతంగా సిస్టమ్‌లు కట్టేవాళ్ళయితే, కొత్త కస్టమర్లు కావాలనుకుంటే, ఏ పని ముందు చేయాలో ఏది తర్వాతో మా అనుభవం నుంచి రాస్తున్నాను.

ముందు మేం తిన్న దెబ్బ. ఒక దసరాకి ఒకేసారి ఏడు మోడళ్ళు దింపాం. పెట్టె అదే. ఒకదాంట్లో ర్యామ్ ఎక్కువ, ఇంకోదాంట్లో మదర్‌బోర్డు వేరు, అంతే. "ఈ రెండిటికీ తేడా ఏంటన్నా?" అని ఎవరైనా అడిగితే మా కుర్రాళ్ళు తడబడేవాళ్ళు. సంక్రాంతి దాటేసరికి నాలుగు రకాల బోర్డులు డెడ్ స్టాక్‌గా మిగిలాయి. రోజురోజుకీ ధర పడిపోయే సరుకు అది. డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకోనన్నాడు. ఇంత చేసినా కొత్తవాళ్ళు రాలేదు. పాత కస్టమర్లే ఏడు మోడళ్ళ మధ్య పంచుకుపోయారు.

అందుకే మొదటి పని కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టడం. కొన్నవాళ్ళకి బిల్లు ఉంటుంది. కొనకుండా వెళ్ళినవాళ్ళ సంగతి ఎక్కడా ఉండదు. వాళ్ళ గురించి రాయండి. ఏం పని చేస్తారు, ఏం అడిగారు, ఏ మాట దగ్గర ఆగిపోయారు, ఇష్టపడి ఇస్తే ఫోన్ నంబర్. "రేటు ఎక్కువన్నాడు" అని రాసి వదిలేయకండి. ఆ మాట వెనక చాలాసార్లు ఇంకో మాట ఉంటుంది, ఓపికగా ఇంకొక్క ప్రశ్న అడిగితే బయటికొస్తుంది. మూడు నెలలు రాసి, ఒక ఆదివారం కూర్చుని మొత్తం చదివితే మూడు గుంపులు తేలాయి: బేగంబజార్ వ్యాపారులు, డీటీపీ (అచ్చుకి ఇచ్చే పేజీలు కంప్యూటర్‌లో కూర్చే పని) చేసేవాళ్ళు, పిల్లల కోసం వచ్చిన తల్లిదండ్రులు. అందరూ గేమింగ్ సిస్టమ్‌లు కట్టమని సలహా ఇచ్చేవాళ్ళు. మా నోట్‌బుక్‌లో గేమింగ్ కోసం వచ్చి తిరిగి వెళ్ళినవాళ్ళు నలుగురే. అటు పోలేదు.

రెండో పని, వాళ్ళు పనిచేసే చోటికి వెళ్ళడం. బేగంబజార్‌లో పసుపు, మిరపకాయలు హోల్‌సేల్‌గా అమ్మే ఒక దుకాణానికి వెళ్ళాను. గల్లాపెట్టె కింద నేల మీదే ఆయన కంప్యూటర్ క్యాబినెట్ ఉంది. పక్క మూత విప్పితే ప్రాసెసర్ మీద ఫ్యాన్ రెక్కలు పసుపుపచ్చగా ఉన్నాయి. వేలు పెడితే మెత్తటి పొర, ముక్కు దగ్గర పెట్టుకుంటే అచ్చం పసుపు వాసన. "ఆర్నెల్లకోసారి ఆగిపోద్ది భాయ్, ఊదించుకొచ్చి పెడతా" అన్నారాయన. మా దగ్గరికొచ్చినప్పుడు ఆయన అన్నది "రేటు ఎక్కువ" అనే. అసలు సంగతేమిటంటే, మేం ఇచ్చేదీ ఆర్నెల్లకి ఆగిపోయేదే కదా, దానికి ఇంత ఎందుకివ్వాలని.

ఆయన కోసం కట్టింది ఫ్యాన్ లేని చిన్న పెట్టె. ఇంటెల్ ఎన్100 చిప్ వాడాం. ఆ చిప్ తినే కరెంటుకి కంపెనీ చెప్పే లెక్క 6 వాట్లే, కాబట్టి అల్యూమినియం పెట్టే దాని వేడిని లాగేస్తుంది. బిల్లింగుకి, ట్యాలీకి అది సరిపోతుంది. కరెంటు తక్కువ తింటుంది కాబట్టి అదే యూపీఎస్ మీద చాలా ఎక్కువసేపు నడుస్తుంది. మానిటర్ వెనక ఉండే నాలుగు మరల రంధ్రాలకి బిగించేస్తే నేల మీద ఏమీ ఉండదు. పోర్టులు మాత్రం ఆ దుకాణంలోనే లెక్కపెట్టుకోండి. కీబోర్డు, మౌస్, బార్‌కోడ్ స్కానర్, బిల్లు ప్రింటర్, పెన్‌డ్రైవ్ కలిపి ఐదు యూఎస్‌బీలు, తూకం మిషన్‌కి ఒక సీరియల్ పోర్టు. మొదటి నమూనాకి సీరియల్ పోర్టు పెట్టలేదు, మర్నాడే వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది.

డీటీపీ వాళ్ళ బాధ వేరు. చిక్కడపల్లిలో పెళ్ళికార్డులు, కరపత్రాలు చేసే ఒకావిడ పాత సిస్టమ్‌లో ఉన్నది ఇంటెల్ ఆరో తరం ఐ5 ప్రాసెసర్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచీ ఉండాలి. మార్చమని అందరూ చెప్తున్నారు, ఆవిడ మార్చట్లేదు. ఎందుకమ్మా అంటే పెన్‌డ్రైవ్ తీసి ఒక ఫైలు మా కొత్త సిస్టమ్‌లో తెరవమంది. "శుభలేఖ" అని ఉండాల్సిన చోట గీతలూ చుక్కలూ పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలూ వచ్చాయి. తెలుగు డీటీపీలో వాడే అనూ ఫాంట్లతో చేసిన ఫైలు అది. ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో అంతే. "ఇందుకే అన్నా భయం, పదిహేనేళ్ళ పని ఇందులో ఉంది" అంది. నాకు చాలా బాధనిపించింది. ఇన్నేళ్ళు ఇలాంటివాళ్ళకి ప్రాసెసర్ స్పీడ్ గురించి చెప్పి పంపించేశాం.

కాబట్టి డీటీపీ మోడల్‌లో అసలు సరుకు మా శ్రమే. పాత డిస్క్ మొత్తానికి కాపీ తీసి భద్రపరుస్తాం. వాళ్ళు కొనుక్కున్న ఫాంట్ సాఫ్ట్‌వేర్, పేజీలు కూర్చడానికి వాడే, 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 కొత్త సిస్టమ్‌లో నడుస్తున్నాయో లేదో బిల్లు వేసే ముందే చూస్తాం. వాళ్ళ పాత ఫైళ్ళు మూడు వాళ్ళ ఎదుటే తెరిచి, ప్రింట్ తీసి, ఒత్తులు సరిగ్గా పడ్డాయో చూపిస్తాం. నిలువుగా తిప్పుకునే స్టాండు ఉన్న మానిటర్ ఇస్తాం, ఏ4 పేజీ మొత్తం ఒకేసారి కనబడుతుంది. ఈ పనికి ఒక రోజు పడుతుంది, ఆ రోజు కూలీ ధరలో కలపండి. వాళ్ళు సంతోషంగా ఇస్తారు. దొంగ విండోస్ మాత్రం ఎవరికీ వేసివ్వకండి, రేటు ఎంత తగ్గినా సరే.

తల్లిదండ్రుల దగ్గర సమస్య నిజంగానే రేటు. ఇక్కడ యాపిల్ చేసిన ఒక పని పనికొచ్చింది. 2005 జనవరిలో వాళ్ళు మ్యాక్ మినీ తెచ్చారు. మానిటర్, కీబోర్డు, మౌస్ ఏవీ ఇవ్వకుండా 499 డాలర్లకి పెట్టెనొక్కటే అమ్మారు. అవన్నీ ఇంట్లో ఉన్నవాళ్ళకి అది గుమ్మం తెరిచినట్టయింది. మేమూ పెట్టెనొక్కటే అమ్ముతున్నాం. ఇంట్లో టీవీ ఉంటే దానికే తగిలించుకుంటారు. పాత మానిటర్ అయితే వీజీఏ కన్వర్టర్ పెట్టెలోనే వేసి ఇవ్వండి, లేకపోతే ఆ రాత్రే ఫోన్ వస్తుంది. రెండో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంచండి, పాప బీటెక్‌లో చేరాక మళ్ళీ మీ దగ్గరికే వస్తారు.

అదే యాపిల్‌లో 1997లో స్టీవ్ జాబ్స్ తిరిగొచ్చాక, ఉన్న మోడళ్ళలో చాలావాటిని తీసేసి నాలుగు గళ్ళలో సర్దారు: మామూలు వాడకందారుకి ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్, వృత్తిపనివాళ్ళకి ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్. మా ఏడు మోడళ్ళ దసరాకి ముందే ఇది తెలిసుంటే ఎంత బాగుండేదో. ఇప్పుడు మా ఐదింటికీ కలిపి బోర్డులు రెండే, ఎస్‌ఎస్‌డీ ఒకటే రకం, ర్యామ్ రెండు రకాలు. ఒక మోడల్ కదలకపోతే దాని సామాను ఇంకోదాంట్లోకి వెళ్ళిపోతుంది. కొత్త మోడల్ పెట్టే ముందు ఈ లెక్క తప్పకుండా వేసుకోండి.

కాగితాల పని కూడా ముందే చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు కింద కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు, అడాప్టర్లు బీఐఎస్ (సరుకులకి ప్రమాణాలు పెట్టే ప్రభుత్వ సంస్థ) తప్పనిసరి నమోదు జాబితాలో ఉన్నాయి. పెట్టె మీద మీ పేరు అచ్చు వేయించే ముందే తెలిసినవాళ్ళని అడిగి తేల్చుకోండి. జీఎస్టీ 18 శాతం. వ్యాపారులకి సరైన బిల్లిస్తే ఇన్‌పుట్ క్రెడిట్ దొరుకుతుంది, అంటే ఇక్కడ కట్టిన పన్నుని వాళ్ళు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు, ఆ మాట మీరే చెప్పండి.

అమ్మే ముందు ఐదు సిస్టమ్‌లు కట్టి నెల రోజులు వాడమని ఇవ్వండి, కుదిరితే మే నెలలో. మాది ఒకటి వేడెక్కి ఆగింది. చూస్తే ఇన్వర్టర్ పక్కన గోడకి తగిలించారు. అప్పట్నుంచి మా మనిషే వెళ్ళి బిగించి వస్తున్నాడు. ప్రతి మోడల్‌కీ రెండు సిస్టమ్‌లు అమ్మకుండా ఉంచుకోండి. ఎవరిదైనా ఆగిపోతే ఆ రోజే ఒకటి తీసుకెళ్ళి పెట్టేయాలి. గల్లాపెట్టె ఆగితే వ్యాపారికి ఎంత టెన్షనో మీకూ తెలుసు.

సిస్టమ్ సిద్ధమయ్యాక మొదటి ఫోన్లు నోట్‌బుక్‌లో ఉన్నవాళ్ళకి చేయండి, సాయంత్రం వాళ్ళ దుకాణంలో గిరాకీ తగ్గాక. "ఆ రోజు మీరు అడిగింది ఇప్పుడు కట్టాం" అని చెప్పండి చాలు. చిక్కడపల్లి ఆవిడ వచ్చేసరికి సిస్టమ్ ఆన్ చేసి, ఫాంట్లన్నీ వేసి ఉంచాం. పెన్‌డ్రైవ్‌లో అదే శుభలేఖ తెరిచింది. దగ్గరగా చూసి, తనే ఎప్పుడో వదిలేసిన ఒక ఒత్తు సరిచేసి, ప్రింట్ తీసుకుంది. కాగితం చాలాసేపు చేతిలో పట్టుకుని, "మా తమ్ముడి షాపులో కూడా ఇలాంటిదే ఒకటి కావాలన్నా, కొటేషన్ రాయండి" అంది.