టీవీ రిమోట్‌తోనే రాస్ప్‌బెర్రీ పైని నడపడం ఎలా?

రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌ను టీవీకి తగిలించి సినిమాలు చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఒళ్లో ఒక కీబోర్డు పెట్టుకునే చూస్తున్నారు. ఆ అవసరమే లేదు. హెచ్‌డీఎంఐ తీగలో 13వ పిన్ను ఉన్నదే పరికరాలు ఒకదానికొకటి ఆదేశాలు ఇచ్చుకోవడానికి. ఆ ఏర్పాటును సీఈసీ అంటారు. 2017లో వచ్చిన 4.10 వెర్షన్ నుంచి ఈ కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి లైనక్స్ కెర్నెల్‌లో దానికి స్థిరమైన చోటు ఉంది.

కావలసినవి: రాస్ప్‌బెర్రీ పై 4 (ఇక్కడి నుంచి ‘పై’ అంటే ఇదే), దాని అధికారిక ఆపరేటింగ్ సిస్టమ్, మంచి తీగ. చౌక తీగల్లో కొన్నింటికి 13వ పిన్ను కలిపి ఉండదు, బొమ్మ మాత్రం చక్కగా వస్తుంది. అందుకే అనుమానం ఉంటే ముందు తీగ మార్చి చూడండి. పై 4కు రెండు హెచ్‌డీఎంఐ సాకెట్లు ఉంటాయి. విద్యుత్ సాకెట్‌కు దగ్గరగా ఉన్నదే వాడండి. మామూలు కంప్యూటర్‌తో ఈ పని మొదలుపెట్టవద్దు. చాలా గ్రాఫిక్స్ కార్డుల్లో ఆ పిన్నును ఎక్కడికీ కలపరు, దానికి యూఎస్‌బీ అడాప్టర్ విడిగా కొనాలి.

టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీని ఆన్ చేయండి. అక్కడ ఆ పేరు కనబడదు. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అని ఉంటుంది.

తర్వాత వీ4ఎల్-యుటిల్స్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయండి. అందులో వచ్చే సీఈసీ-సీటీఎల్ అనే ప్రోగ్రామును ప్లేబ్యాక్ ఆప్షన్‌తో నడిపితే, పై తనను తాను ఒక ప్లేయర్‌గా టీవీకి పరిచయం చేసుకుంటుంది. సాధారణంగా దానికి 4వ నంబరు దక్కుతుంది. టీవీది ఎప్పుడూ 0. రిమోట్ బాణాలు నొక్కినప్పుడు టీవీ వాటిని రాస్ప్‌బెర్రీ పైకి పంపుతుంది. కెర్నెల్ వాటిని కీబోర్డు మీటల్లాగే ప్రోగ్రాములకు అందిస్తుంది. మధ్యలో మరో సాఫ్ట్‌వేర్ లేకుండా ఆపరేటింగ్ సిస్టమే ఈ పని చేయడం వల్లనే నేను ఈ పద్ధతిని గట్టిగా సమర్థిస్తాను. విడిగా ఒక సర్వర్ పెట్టి, దానికి స్క్రిప్టులు అతికించి, ప్రతి అప్‌డేట్‌కూ బాగుచేసుకునే పద్ధతి ఇంట్లోవాళ్లు వాడే యంత్రానికి పనికిరాదు.

ఇక అందరూ పాడుచేసే మెట్టు: రాస్ప్‌బెర్రీ పై బొమ్మను తెర మీదికి తెప్పించడం. దీనికి యాక్టివ్ సోర్స్ అనే సందేశం పంపాలి, అందులో రాస్ప్‌బెర్రీ పై భౌతిక చిరునామా ఉండాలి. ఎక్కడో చూసిన 1.0.0.0ను అలాగే ఎక్కించేసి, టీవీ వేరే ఇన్‌పుట్‌కు దూకుతోందని మొత్తుకునేవాళ్లను చూసి విసిగిపోయాను. ఆ చిరునామా మీరు ఎంచుకునేది కాదు. మీ పై ఏ దారిన టీవీకి చేరుతోందో చెప్పేది. టీవీ మొదటి సాకెట్‌కు నేరుగా తగిలిస్తేనే 1.0.0.0. రెండో సాకెట్‌లో ఆడియో రిసీవర్ ఉండి, ఆ రిసీవర్ మొదటి సాకెట్‌లో పై ఉంటే 2.1.0.0. పెద్ద సందు, చిన్న సందు, ఇంటి నంబరు వరుసగా చెప్పినట్టే ఇది. సాకెట్ మారిస్తే చిరునామా మారిపోతుంది.

కాబట్టి చేత్తో రాయకండి, యంత్రాన్నే అడగండి. సీఈసీ-సీటీఎల్‌ను ఏ ఆదేశమూ లేకుండా నడిపితే ఫిజికల్ అడ్రస్ అన్న వరుస కనబడుతుంది. మీ స్క్రిప్టు ప్రతిసారీ అక్కడి నుంచే అంకెను చదువుకోవాలి.

అక్కడ ఎఫ్.ఎఫ్.ఎఫ్.ఎఫ్ అని కనబడితే ఆగండి. రాస్ప్‌బెర్రీ పైకి తన చిరునామా ఇంకా తెలియలేదని దాని అర్థం. చిరునామా వచ్చేది టీవీ తన వివరాలు చెప్పుకునే ఈడీఐడీ సమాచారంలో. కొన్ని టీవీలు స్టాండ్‌బైలో ఉన్నప్పుడు కనెక్షన్ తెగిపోయినట్టు సంకేతం ఇస్తాయి, అప్పుడు ఆ సమాచారం అందదు. అందువల్ల వరుస ముఖ్యం. ముందు 0కు, అంటే టీవీకి, ఇమేజ్ వ్యూ ఆన్ అనే సందేశం పంపి దాన్ని లేపండి. చిరునామా లేకపోయినా ఆ సందేశాన్ని కెర్నెల్ పంపనిస్తుంది. కొన్ని సెకన్లు ఆగండి. చిరునామా మళ్లీ చదవండి. సరైన అంకెలు వచ్చాకే యాక్టివ్ సోర్స్ పంపండి. తొందరపడి రెండు సందేశాలనూ ఒకేసారి తోసేసి, ఒకరోజు పనిచేసి మరోరోజు చేయకపోతే టీవీని తిట్టకండి.

ఈడీఐడీని ఫైలుగా దాచి, బూట్‌లో అదే వాడేలా చేసినవాళ్లకు మరో మాట. ఆ ఫైలులో పాత చిరునామా కూడా దాగి ఉంటుంది. పైని వేరే సాకెట్‌కు మార్చిన రోజు ఫైలును కూడా మళ్లీ తీయాలి.

ఆపడం సులువు. స్టాండ్‌బై సందేశం 0కు పంపితే టీవీ ఒక్కటే ఆగుతుంది. 15కు పంపితే అది అందరికీ వెళ్లి రిసీవర్, డిస్క్ ప్లేయర్ అన్నీ నిద్రపోతాయి. నేనైతే 15ను స్క్రిప్టులో రాయను, రాయనివ్వను. పక్క గదిలో ఎవరో అదే రిసీవర్‌తో పాటలు వింటూ ఉండవచ్చు.

రీబూట్ చేస్తే ప్లేబ్యాక్ నమోదు పోతుంది. అందుకే పై ఆన్ అయిన ప్రతిసారీ దానంతటదే నడిచేలా దాన్ని సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టండి. సినిమాలు చూపించే కోడీ ప్రోగ్రాము వాడుతుంటే మాత్రం ఆ సర్వీసు వద్దు. సీఈసీని కోడీ తానే తీసుకుంటుంది, రెండూ ఒకే పరికరం కోసం పోటీపడతాయి. కోడీ సెట్టింగ్స్‌లో సీఈసీని ఆపేస్తేనే మీ సర్వీసును ఉంచండి.