నొప్పి పాతదైతే కాగితాలు పదిలంగా ఉండాలి

ఏళ్ల తరబడి నడుమునొప్పితో హనుమకొండ, హైదరాబాద్ తిరిగేవాళ్లను కొత్త డాక్టర్ మొదట అడిగేది పాత చిట్టీలే. ఓపీ చిట్టీ చేతికందిన రోజే జిరాక్స్ తీయించండి. నున్నటి థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి. లామినేషన్ మాత్రం వద్దు, ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడుతుంది.

ఎంఆర్ఐ తీసినచోట ఫిల్మ్‌తో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడగండి. అందులోని ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఒకటి రెండు ఫైళ్లే తీసుకుంటే బొమ్మలు తెరుచుకోకపోవచ్చు. ఫిల్మ్‌లు మడవకుండా బీరువాలో పెట్టండి. మన ఎండలకు స్కూటర్ డిక్కీలో వదిలేస్తే పాడైనట్లే.

అసలైనది మందుల పట్టిక. చాలామంది రాయనిదీ అదే. ఉదాహరణకు ప్రీగాబాలిన్ (నరాల నొప్పి మందు) 75 మి.గ్రా. రాత్రి ఒకటి, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపారు, ఎందుకు (మత్తా, కాళ్ల వాపా) అన్నీ ఒకే వరుసలో రాయండి. లేదంటే పడని మందే మళ్లీ రాస్తారు.

ఆసుపత్రిలో చేరి ఉంటే, రికార్డుల కోసం రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. 2002 వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. వాళ్లు వాటిని భద్రపరచాల్సింది మూడేళ్లే కాబట్టి ఆలస్యం చేయొద్దు. అసలు కాగితాలు ఎవరికీ వదిలి రావద్దు, జిరాక్సే ఇవ్వండి.