చివరి రోజుల సేవకు మనిషిని అప్పగించే ముందు

మా బాపు వరంగల్ కొత్తవాడలో నలభై ఏళ్లు జంపఖానాలు నేసిన మనిషి. 2022 ఎండాకాలంలో దవడ కేన్సర్ మెడ దాకా పాకిందని తేలింది. "ఇంక మా చేతుల ఏం లేదమ్మా, ఇంటికి తీసుకపోండ్రి" అని డాక్టర్ చెప్పాక బాపు మాతో ఉన్నది తొమ్మిది వారాలు. అందులో మొదటి పదకొండు రోజులు తప్పు చోట పెట్టాం. ఆ పదకొండు రాత్రులు బాపు దిండును పళ్లతో కరిచి పట్టుకుని పడుకున్నాడు. తర్వాత మా చిన్నమ్మ కోసం, మా బడిలో తోటి టీచర్ వాళ్ల అత్తమ్మ కోసం ఇలాంటి చోట్లు వెతకాల్సి వస్తే నేనే వెంట వెళ్లాను. ఏం అడగాలో, ఏం చూడాలో అప్పటికి నాకు తెలిసింది. మీ ఇంట్లో ఆ అవసరం వస్తే, మేం పోగొట్టుకున్న రోజులు మీరు పోగొట్టుకోవద్దని ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. హాస్పైస్ అన్నా, పాలియేటివ్ కేర్ అన్నా "చావు కోసం ఎదురుచూసే చోటు" అని మనవాళ్లలో భయం ఉంది. అక్కడ చేసేది వైద్యమే. రోగం మీద కాదు, రోగం పెట్టే బాధ మీద: నొప్పి, ఆయాసం, వాంతులు, మలబద్ధకం, పుండు వాసన, నిద్రలేమి, భయం. కేన్సర్ వాళ్లకే అనుకోకండి. కిడ్నీలు పూర్తిగా పాడైనవాళ్లకు, పక్షవాతంతో మంచం పట్టినవాళ్లకు, గుండె, ఊపిరితిత్తులు బలహీనపడ్డవాళ్లకు కూడా ఇది అవసరమే.

మన వైపు దొరికేవి మూడు రకాలు. ఒకటి, సర్కారు పాలియేటివ్ కేర్ కేంద్రాలు. కేంద్ర ప్రభుత్వం 2012లో జాతీయ పాలియేటివ్ కేర్ కార్యక్రమం తెచ్చింది. దాని కింద మన రాష్ట్రంలో జిల్లాల్లో కొన్ని పడకలతో కేంద్రాలు పెట్టారు, ఇంటికొచ్చి చూసే "ఆలన" బండ్లు కూడా తిప్పారు. ఇది ఉచితం. మీ జిల్లా ఆసుపత్రిలో గాని, మీ ఊరి ఆశ అక్కను గాని ముందు దీని గురించే అడగండి. రెండోది, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగం, రోటరీ వాళ్లు నడిపే స్పర్శ్ హాస్పైస్ లాంటివి. స్పర్శ్‌లో డబ్బు తీసుకోరు. మూడోది, ఈమధ్య వెలిసిన ప్రైవేటు "పేషెంట్ కేర్" ఇళ్లు. మంచివి లేవని అనను. కానీ బోర్డు మీద పాలియేటివ్ అని రాసుకున్నంత మాత్రాన అది పాలియేటివ్ కేర్ అయిపోదు. మేం మోసపోయింది అలాంటి బోర్డు చూసే.

మొట్టమొదట అడగాల్సింది ఫీజు కాదు. "మీ దగ్గర మార్ఫిన్ ఉందా? ఇవాళ స్టాక్ ఉందా?" అని అడగండి.

ఎందుకో చెప్తాను. కేన్సర్ నొప్పి ముదిరితే పారాసిటమాల్, డైక్లోఫినాక్, ట్రమడాల్ ఒక మేరకే పనిచేస్తాయి. ఆ పైన కావాల్సింది మార్ఫిన్. మత్తుమందుల చట్టం 1985లో వచ్చాక మార్ఫిన్ పెట్టుకోవాలంటే ఆసుపత్రులు నాలుగైదు లైసెన్సుల కోసం తిరగాల్సి వచ్చేది. చాలామంది ఆ తలనొప్పి ఎందుకని మానేశారు. 2014లో చట్టం మార్చారు. ఇప్పుడు రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల గుర్తింపు ఒక్కటి ఉంటే చాలు. కాబట్టి "మార్ఫిన్‌కు పర్మిషన్ దొరకదు అమ్మా" అని ఎవరైనా అంటే, వాళ్లు ఆ గుర్తింపు తెచ్చుకోలేదని అర్థం. మేం చేర్చిన చోట అదే మాట అన్నారు. రోజుకు రెండు ట్రమడాల్ ఇంజక్షన్లు వేసి "ఇంతకంటే ఎక్కువిస్తే గుండె ఆగిపోతది" అని భయపెట్టారు. చివరికి మా తమ్ముడు కాజీపేటలో తెల్లవారుజాము రైలెక్కి ఎంఎన్‌జేకు పోయి, రిపోర్టులు చూపించి గోలీలు తెచ్చాడు. ఆ రాత్రి బాపు అయిదు గంటలు కదలకుండా నిద్రపోయాడు. ఊపిరి ఆడుతోందా లేదా అని మా అవ్వ (అమ్మ) పదిసార్లు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది.

మార్ఫిన్ ఉందంటే సరిపోదు, ఇవ్వడం తెలిసి ఉండాలి. మామూలు గోలీ నాలుగు గంటలకోసారి పడాలి, నొప్పి లేచినప్పుడు కాదు. నొప్పి లేచాక ఇస్తే ఎప్పుడూ దాని వెనకే పరుగెత్తుతుంటాం. మధ్యలో లేస్తే వేయడానికి అదనపు డోసు ఎంతో ముందే రాసివ్వాలి. దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే ఉండాలి, ఎందుకంటే మార్ఫిన్ వాడే దాదాపు అందరికీ మలబద్ధకం వస్తుంది. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుందని, కొందరికి వికారం ఉంటుందని ముందే చెప్పాలి. నేను ఇప్పుడు ఎక్కడికెళ్లినా "మార్ఫిన్‌తో పాటు ఇంకేం మందు ఇస్తారు?" అని అడుగుతాను. విరేచనం మందు పేరు వెంటనే వాళ్ల నోటినుంచి రాకపోతే ఆ చోటు మీద నాకు నమ్మకం కుదరదు. అలాగే రోజూ "నొప్పి సున్నా నుంచి పది లోపల ఎంత?" అని అడిగి కేసు షీటులో రాస్తున్నారా చూడండి. బాపు మొదటి చోటు కాగితాల్లో పదకొండు రోజులూ బీపీ, జ్వరం, పల్స్ ఉన్నాయి. నొప్పి అనే మాట ఒక్కచోట కూడా లేదు.

రెండో ప్రశ్న: "రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు?"

నొప్పులు, ఆయాసాలు పగలు చూసుకుని రావు. ఇంటికొచ్చి చూసే టీం అయితే ఇది ఇంకా ముఖ్యం. ఏటూరునాగారం వైపు ఊళ్లకు అర్ధరాత్రి ఎవరూ రాలేరు, అది ఒప్పుకోవాలి. కానీ ఫోన్‌లో ఒక నర్సు దొరకాలి, ఇంట్లో అత్యవసర మందుల పొట్లం ముందే ఉంచాలి, ఏది ఎప్పుడు వేయాలో ఇంటివాళ్లకు నేర్పాలి. మాకు తర్వాత దొరికిన టీంలో నర్సు మా అవ్వకు చదువు రాదని చూసి, కవర్ల మీద పొద్దుటి గోలీకి సూర్యుడు, రాత్రి గోలీకి చందమామ బొమ్మ వేసి ఇచ్చింది. అవ్వ ఒక్క డోసు తప్పలేదు. వాళ్లిచ్చిన నంబరుకు ఒప్పుకునే ముందే ఒకసారి రాత్రి పదిన్నరకు చేసి చూడండి. తప్పుగా అనుకుంటారేమో అని మొహమాటపడకండి. మంచివాళ్లు ఏమీ అనుకోరు.

చేర్చుకునే చోటైతే స్వయంగా వెళ్లి చూడండి. పొద్దున డాక్టర్ రౌండ్ టైంలో కాదు, మధ్యాహ్నం మూడింటికో, రాత్రి ఏడు దాటాకో, చెప్పకుండా. గోడల రంగు, ఏసీ, టీవీ చూడకండి. పేషెంట్ల పెదాలు చూడండి: ఎండి పగిలి ఉన్నాయా, తడిగా ఉన్నాయా. మడమలు చూడండి, గోళ్లు చూడండి. నీళ్ల గ్లాసు చేతికి అందేలా ఉందా, గదికి అవతల బల్ల మీద ఉందా? కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పడక పుండ్లు పడతాయి. "ఎన్నిసార్లు తిప్పుతారు?" అని అడిగితే అందరూ సరైన జవాబే చెప్తారు. తిప్పిన టైం రాసే చార్టు చూపించమనండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది పేషెంట్లకు ఎంతమంది నర్సులు, అందులో నర్సింగ్ చదివినవాళ్లెవరు, ఆయమ్మలెవరు అని విడిగా అడగండి. ఆయమ్మల సేవ గొప్పదే, కానీ మందు డోసు చూసే బాధ్యత వాళ్ల మీద పడేయకూడదు.

పుండు ఉన్న పేషెంట్ దగ్గర వాసన ఎలా ఉందో గమనించండి. దవడ కేన్సర్ పుండు వాసన భరించలేనిది. బాపుకు అన్నిటికంటే సిగ్గు అదే. మనవరాలిని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మొదటి చోట అగరుబత్తి వెలిగించి, గది తలుపు మూసి ఉంచేవాళ్లు. రెండో టీం మెట్రోనిడజాల్ గోలీలు పొడి చేసి డ్రెస్సింగ్‌లో పెట్టడం నేర్పారు. కొన్ని రోజుల్లో వాసన బాగా తగ్గింది. ఖర్చు ఎంతో లేదు. మా పాప మళ్లీ తాత మంచం మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంది.

బయట చాయ్ బండి దగ్గర కాసేపు నిలబడండి. పేషెంట్ల తాలూకు మనుషులు అక్కడ దొరుకుతారు. "డాక్టర్ ఎట్లున్నడు?" అని అడగొద్దు, మంచోడనే అంటారు. "నిన్న రాత్రి పిలిస్తే ఎంతసేపటికి వచ్చిండ్రు?" అని అడగండి.

"ఊపిరి ఆడకపోతే ఏం చేస్తారు?" అని కూడా అడగండి. "వెంటనే ఐసీయూకు పంపిస్తాం" అంటే అది హాస్పైస్ కాదు, ఆసుపత్రికి పోయే దారిలో ఒక మజిలీ. తెలిసినవాళ్లు ఇలా చెప్తారు: తల ఎత్తు పెడతాం, ముఖం మీదకు ఫ్యాన్ గాలి తగిలేలా చూస్తాం, తక్కువ డోసు మార్ఫిన్ ఇస్తాం, ఆక్సిజన్ అవసరమైతేనే పెడతాం, పక్కన కూర్చుంటాం. మింగలేని దశలో మందు ఎలా ఇస్తారో కూడా అడగండి. చర్మం కింద చిన్న సూదితో ఇవ్వొచ్చు. దానికి నరం దొరకాల్సిన పని లేదు.

వెంటిలేటర్ వద్దని పేషెంట్ ముందే రాసిపెట్టుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018లో ఆ హక్కును ఒప్పుకుంది. 2023లో పద్ధతి తేలిక చేసింది: ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ గాని గెజిటెడ్ ఆఫీసర్ గాని ధ్రువీకరిస్తే చాలు. మీరు చేర్చే చోట ఈ కాగితం గురించి తెలుసా అని చూడండి.

ఇప్పుడు నాకు చాలా కష్టమైన విషయం. బాపుకు సంగతి చెప్పొద్దని మేమే డాక్టర్లను బతిమాలాం. "తెలిస్తే పానం విడుస్తడు" అని అవ్వ భయం. మొదటి చోట వాళ్లు సంతోషంగా ఒప్పుకుని, బాపుతో "నెలరోజుల్ల మగ్గం మీద కూసుంటవ్ పెద్దాయనా" అనేవాళ్లు. రెండో టీం నర్సు అలా అనలేదు. మాతో గొడవ పడలేదు, మమ్మల్ని దాటి చెప్పనూ లేదు. బాపు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "మీకు ఏమైందని అనుకుంటున్నరు?" అని అడిగి ఊరుకుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బాపు గొంతు సరిగా రాకపోయినా మెల్లగా అన్నాడు: "నాకు ఎరుకే బిడ్డా. నాకు ఎరుకని వీళ్లకు తెల్వద్దనే నేను ఏం అనలే." నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ నాటకం ఆడలేదు. నూలు షావుకారికి ఇవ్వాల్సిన బాకీ ఎంతో బాపు తమ్ముడికి చెప్పాడు. మగ్గం ఎవరికివ్వాలో చెప్పాడు. ఒక సాయంత్రం కుర్చీలో కూర్చోబెట్టి మగ్గం దగ్గరికి మోసుకెళ్తే పడుగు దారాల మీద చెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నాడు.

అందుకే "పేషెంట్‌కు తెలియదు, చెప్పొద్దు" అని మీరు అన్నప్పుడు వాళ్ల ముఖం చూడండి. వెంటనే తలూపితే అనుమానించండి. "ఆయనకు ఎంత తెలుసుకోవాలని ఉందో ముందు ఆయన్నే అడుగుదాం, మీరూ పక్కనే ఉండండి" అన్నవాళ్లకు పని తెలుసు.

డబ్బు సంగతి: రోజు రేటు కాకుండా ఆక్సిజన్, డైపర్లు, డ్రెస్సింగ్, ఎయిర్ బెడ్, అంబులెన్స్ విడివిడిగా ఎంతో కాగితం మీద రాయించుకోండి. నెల అడ్వాన్స్ కట్టమంటే, మనిషి మూడో రోజే పోతే తిరిగి ఎంతిస్తారో అందులోనే రాయమనండి. అడగడానికి నోరు రాదు, నాకు తెలుసు. మేం అడగలేదు, పోగొట్టుకున్నాం.

ఇంట్లోనే ఉంచాలనుకుంటే ఇంకోటి అడగండి: ఇంట్లో పోతే కారణం రాసి సర్టిఫికెట్ మీ డాక్టర్ ఇస్తారా? మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. పింఛను, బీమా, బ్యాంకు పనులు అన్నీ దాని మీదే. చివరి నెలల్లో చూసిన డాక్టర్ ఆ కాగితం ఇస్తే తిరుగుడు తప్పుతుంది.

చివరి రెండు మూడు రోజుల్లో ఏం జరుగుతుందో ముందే చెప్పే టీంను ఎంచుకోండి. తిండి తగ్గిపోతుంది, గొంతులో గురక లాంటి శబ్దం వస్తుంది, చేతులు కాళ్లు చల్లబడతాయి. తెలియకపోతే టెన్షన్‌తో మనం సెలైన్ పెట్టమని, ఎత్తుకుపోదామని పరుగెత్తుతాం. మాకు ముందే చెప్పారు కాబట్టి బాపును పక్కకు తిప్పి పడుకోబెట్టాం, తడి దూదితో పెదాలు తడుపుతూ కూర్చున్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకు పోయాడు. అవ్వ చెయ్యి బాపు చేతిలోనే ఉంది.

పదకొండో రోజు అయ్యాక అదే నర్సు ఇంటికొచ్చింది. అవ్వ నిద్రపోతోందా, తింటోందా అని అడిగింది. ఎయిర్ బెడ్ మడిచి తీసుకుంది. మిగిలిన మార్ఫిన్ గోలీలు లెక్కపెడితే పద్నాలుగు తేలాయి. అవి ఇంట్లో ఉండకూడదని, వెనక్కి ఇచ్చేయాలని మాకు మొదటి రోజే చెప్పారు. రిజిస్టర్లో పద్నాలుగు అని రాసి, అవ్వతో వేలిముద్ర వేయించుకుని, అవ్వ పెట్టిన చాయ్ తాగి వెళ్లింది.