ప్లేబుక్ సజావుగా ముగిసింది, సెట్టింగులు మాత్రం కనిపించవు: ఆన్సిబుల్ సమస్య - పరిష్కారం

కొత్త ఉబుంటు ల్యాప్‌టాప్‌ను ఆన్సిబుల్‌తో (యంత్రాలను తనంతట తానే అమర్చే సాధనం) సిద్ధం చేసుకునేవారికి ప్లేబుక్ (అది చేయాల్సిన టాస్కుల జాబితా) రాయడం, నడపడం తెలుసనే అనుకుంటున్నాను. ఎవరైనా సాయం అడిగితే నేను మొదట అడిగేది ఒక్కటే: మీ సెట్టింగుల ఫైలు ఎవరి పేరున ఉంది? దాదాపు ఎవరూ చూసి ఉండరు. ఫైళ్ల వివరమైన జాబితాలో మూడో గడిలో యజమాని పేరు ఉంటుంది, చూడటానికి రెండు క్షణాలు చాలు. అది వదిలేసి ప్లేబుక్‌ను పదేపదే నడిపినవారిని, చివరికి ఉబుంటునే తుడిచి మళ్లీ వేసినవారిని చూశాను. దయచేసి ముందు ఆ గడి చూడండి.

లక్షణం: ప్యాకేజీలన్నీ ఉన్నాయి, సొంత సెట్టింగులు లేవు

విఫలమైన టాస్కులు 0 అని వస్తుంది. కానీ టెర్మినల్ తెరిస్తే ఆదేశాలకు మీరు పెట్టుకున్న మారుపేర్లు పనిచేయవు, గిట్ (కోడ్ మార్పులను నమోదు చేసే సాధనం) మీ పేరు, ఈమెయిల్ చెప్పమంటుంది. ఇలా జరిగితే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: సెట్టింగులు మీ హోమ్ ఫోల్డర్‌కు బదులు రూట్ (యంత్రంపై పూర్తి అధికారం ఉన్న ఖాతా) హోమ్ ఫోల్డర్‌లోకి వెళ్లాయి.

ప్యాకేజీలు వేయడానికి రూట్ హక్కు కావాలి కాబట్టి చాలామంది ప్లేబుక్ తలభాగంలోనే ‘బికమ్’ (రూట్‌గా మారి నడపమనే సెట్టింగు) పెట్టేస్తారు. అప్పటినుంచి ప్రతి టాస్కూ రూట్‌గానే నడుస్తుంది. హోమ్ ఫోల్డర్‌ను సూచించే టిల్డే (~) గుర్తుకు రూట్ హోమ్ అని అర్థం వస్తుంది. మొదట్లో ఆన్సిబుల్ సేకరించే వివరాలు కూడా రూట్‌గానే సేకరిస్తుంది కాబట్టి, వాటిలోని వాడుకరి పేరు, హోమ్ ఫోల్డర్ రెండూ రూట్‌వే.

నన్ను దెబ్బతీసింది ఇంకొకటి. అనుమానం వచ్చి హోమ్ విలువను తెరపై ముద్రించి చూశాను. నా ఫోల్డరే కనిపించింది. ఇక అటువైపు చూడలేదు, ఒక సాయంత్రమంతా వేరేచోట వెతికాను. నేను ముద్రించింది ‘ఎన్వ్’ లుకప్‌తో (పర్యావరణ విలువలను చదివే ఆన్సిబుల్ సదుపాయం). అది ప్లేబుక్‌ను నడిపించిన నా ఖాతా విలువను చదువుతుంది. టాస్కు మాత్రం రూట్‌గా మారాక నడుస్తుంది. రెండూ ఒకే యంత్రంలో జరుగుతాయి కాబట్టి తేడా కంటికి ఆనదు. అందుకే ముద్రించిన విలువను నమ్మకండి, డిస్కు మీద ఉన్న ఫైలును చూడండి.

ఆన్సిబుల్ ఆదేశం ముందు సుడో (ఆదేశాన్ని రూట్‌గా నడిపేది) తగిలించడం ఇదే తప్పుకు మరో రూపం. ఉబుంటు 19.10కి ముందు సుడో మీ హోమ్ విలువను అలాగే ఉంచేది, ఆ తర్వాత రూట్ హోమ్‌కు మారుస్తోంది. కాబట్టి 18.04లో మీ ఫోల్డర్‌లోనే రూట్ పేరున ఫైళ్లు సృష్టించిన పాత స్క్రిప్టు, 20.04లో వాటిని నేరుగా రూట్ ఇంట్లో పెడుతుంది.

మీ ఫోల్డర్ చిరునామా పూర్తిగా రాసినా, బికమ్ ఉండి యజమానిని చెప్పకపోతే మరో లక్షణం ఎదురవుతుంది: ఫైలు సరైన చోటే ఉంటుంది, భద్రపరచబోతే అనుమతి లేదంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ (వేరే యంత్రాలకు సురక్షితంగా కలిపే సాధనం) మీ రహస్య కీని చదవలేకపోతుంది. గిట్ అయితే 2022 ఏప్రిల్‌లో వచ్చిన 2.35.2 నుంచి, వేరొకరి పేరున ఉన్న రిపాజిటరీని అనుమానించి ఆగిపోతుంది. ఆ ఫోల్డర్‌ను సురక్షిత జాబితాలో చేర్చమని సూచిస్తుంది. ఇక్కడ ఆ సూచన పాటించకండి, జబ్బు లోపలే ఉండిపోతుంది.

పరిష్కారం

సుడో తీసేయండి. తలభాగంలోని బికమ్ తీసి, ప్యాకేజీలు, సర్వీసులు, వ్యవస్థ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ ఫైళ్ల టాస్కులకు మాత్రమే పెట్టండి. పాస్‌వర్డ్ కోసం ఆదేశానికి పెద్ద కె ఐచ్ఛికం (-K) ఇస్తే చాలు. బికమ్ ఉన్న టాస్కు మీ ఫోల్డర్‌ను తాకక తప్పకపోతే యజమాని, గ్రూపు రెండూ స్పష్టంగా రాయండి.

తర్వాత శుభ్రం చేయాలి. ఫైండ్ ఆదేశంతో మీ హోమ్‌లో రూట్ పేరున ఉన్నవాటిని వెతికి, జాబితా చదివాకే యజమానిని మార్చండి. మొత్తం ఫోల్డర్‌ను ఒక్క దెబ్బతో మార్చేయకండి. కంటెయినర్ల (విడిగా నడిచే అప్లికేషన్ పెట్టెల) డేటా అక్కడ ఉంటే దానికి వేరే యజమాని ఉండటం అవసరం కావచ్చు. రూట్ హోమ్‌లో పడిన గిట్ సెట్టింగులు, కీలు తీసేయండి. అక్కడి బాష్ ఫైళ్లు మాత్రం వ్యవస్థతోనే వస్తాయి. వాటిని తొలగించకుండా, చేరిన మీ వరుసలే తీయండి.

ప్లేబుక్‌ను రెండుసార్లు నడపండి. రెండోసారి మార్పులు 0 రావాలి.

మిగిలినవి

ఏప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు వేసే సాధనం) తాళం దొరకలేదంటే, కొత్త యంత్రం తెర వెనుక తనంతట తాను నవీకరణలు వేసుకుంటోంది. ఏప్ట్ మాడ్యూల్ డిఫాల్టుగా 60 సెకన్లే ఆగుతుంది. ఆ గడువును 600కు పెంచండి, తాళం ఫైలును చెరిపేయకండి.

కంటెయినర్లు నడిపే డాకర్ గ్రూపులో మీ ఖాతాను చేర్చినా అనుమతి రాకపోతే లాగవుట్ అయి మళ్లీ రండి.

టెర్మినల్‌లో నడిచే నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే సాధనం) టాస్కులో దొరకకపోతే, ఉబుంటు బాష్ఆర్‌సీ ఫైలు ఎదురుగా మనిషి లేని షెల్‌లో మొదట్లోనే ఆగిపోతుందని గుర్తుంచుకోండి. నోడ్ పూర్తి చిరునామా ఇవ్వండి.

గ్రాఫిక్స్ డ్రైవర్‌ను సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే రక్షణ) ఆపితే, అది ప్లేబుక్‌తో తీరదు. రీబూట్‌లో వచ్చే నీలి తెరపై మీరే కీ నమోదు చేయాలి.