పాత పికప్ సొంత రిపేరు – మూడో పాఠం: సెల్ఫ్ తిరగనప్పుడు

కిందటి పాఠంలో డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు వదలడం, లైన్‌లో గాలి తీయడం చూశాం. అది సెల్ఫ్ (తాళం తిప్పగానే ఇంజన్‌ను మొదట తిప్పే మోటారు) బాగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోని బండికి. ఈసారి అంతకంటే ముందే మొరాయించే బండి సంగతి.

యశ్వంతపుర యార్డుకు తెల్లవారుజామునే లోడుకు పోయే మనవాళ్లకు డిసెంబరు, జనవరిలో ఈ టెన్షన్ బాగా తెలుసు. బెంగళూరు అప్పుడు 15 డిగ్రీల దాకా దిగుతుంది. ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది, అప్పటిదాకా దాక్కున్న లోపం బయటపడుతుంది. చుట్టూ చేరినవాళ్లు చెప్పేది ఒకటే: "బ్యాటరీ పోయింది, మార్చెయ్ అన్నా." బండి సామాన్లు అమ్మే జేసీ రోడ్డుకెళ్లి వేలు పోసి కొత్తది బిగించుకున్నాక వారం తిరక్కుండా మళ్లీ అదే టకటక. మీటరు పెట్టి చూడకుండా బ్యాటరీ మార్చొద్దు.

గేరు న్యూట్రల్‌లో వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రం కింద రాయి పెట్టండి. హెడ్‌లైట్ వేసి తాళం తిప్పండి. టకటకమంటూ లైటు బాగా మసకబారితే బ్యాటరీలో చార్జి లేదు, లేదా టెర్మినల్ వదులు. లైటు అలాగే వెలుగుతూ ఒక్క చప్పుడూ రాకపోతే సాలినాయిడ్‌కు (సెల్ఫ్‌కు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) వెళ్లే సన్న వైరు, రిలే, తాళం స్విచ్ చూడాలి. ఒక్క 'టక్' మని ఊరుకుంటే అనుమానం లావు వైర్ల మీదా, సెల్ఫ్ మీదా.

ఇప్పుడు మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో నిండు బ్యాటరీ 12.6 చూపాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు. 12 కంటే తక్కువైతే ముందు చార్జి పెట్టించండి, మిగతా పరీక్షలు ఆ తర్వాతే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు.

పాత బండిలో అసలు దొంగ ఎక్కువగా ఎర్త్ వైరే, అంటే కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగొచ్చే దారి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. రబ్బరు గుండా కరెంటు పోదు కాబట్టి ఇంజన్ నుంచి ఛాసిస్‌కో, నేరుగా బ్యాటరీకో ఒక లావు పట్టీ ఉంటుంది. వానకూ బురదకూ దాని బోల్టు కింద తుప్పు చేరుతుంది. సంపు నిండా నీళ్లున్నా పైపు పూడుకుపోతే ట్యాంకుకు ఎక్కనట్టే ఇదీ. సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగేటప్పుడు ఆ తుప్పు నూరోవంతు ఓమ్ అడ్డుపడినా 2 వోల్టులు అక్కడే ఆవిరి. పట్టీ పూర్తిగా తెగితే కరెంటు క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్ల గుండా దారి వెతుక్కుంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు కేబుల్ వేడెక్కిందంటే ఇంకేం చూడక్కర్లేదు.

కొలిచే పద్ధతి ఇదీ. మీటరు నల్ల ముల్లు బ్యాటరీ నెగెటివ్ సీసపు గుబ్బ మీదే ఆనించాలి, దానికి బిగించిన క్లాంపు మీద కాదు. తుప్పు ఆ రెండింటి మధ్యే ఉండొచ్చు కదా. ఎర్ర ముల్లు ఇంజన్ మీద, రంగు లేని ఉత్త ఇనుముకు ఆనించండి. పక్కనున్నవాళ్లను నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొట్టమనండి. డీజిల్ పంపు మీద డీజిల్‌ను ఆపే స్టాప్ సాలినాయిడ్ వైరు ముందే పీకేస్తే ఇంజన్ అందుకోదు. మీటరు 0.2 లోపు చూపితే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే దొంగ దొరికాడు. పాజిటివ్ గుబ్బకూ సెల్ఫ్ లావు బోల్టుకూ మధ్య కూడా ఇలాగే చూడండి.

శుభ్రం చేసేటప్పుడు నెగెటివ్ ముందు విప్పాలి, చివర బిగించాలి. తిరగేస్తే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి బీడీ సంగతి వేరే చెప్పాలా? తెల్లటి పిండిని వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరాక గుబ్బనూ క్లాంపు లోపలి వైపునూ ఎమెరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దండి. బిగించాక పైన కాస్త వ్యాజిలిన్. ఎర్త్ పట్టీ రెండు చివరలకూ ఇదే వైద్యం, అక్కడ పెయింటు ఉంటే గీకేయండి.

ఇంత చేశాక వైర్లు రెండు వైపులా బాగుండి, బ్యాటరీ 9.6 పైన నిలబడి, అయినా సెల్ఫ్ ముక్కుతుంటే అప్పుడు దాన్ని కిందికి దించాల్సిందే. కార్బన్ బ్రష్‌లు, బుష్‌ల పని నాలుగో పాఠంలో. ఆలోపు మీ బండి కొలతలు డాష్‌బోర్డులో ఒక కాగితం మీద రాసి ఉంచండి, వాటితోనే మొదలుపెడదాం.