హ్యాంగ్‌బోర్డ్ మీద వేళ్లకు బలం పెంచుకోవడం ఎలా

రాక్ క్లైంబింగ్ (రాతి కొండలు ఎక్కడం) చేసేవారు వేళ్లతో పట్టుకుని వేలాడి సాధన చేసే, అంచులూ గుంటలూ ఉన్న పలకే హ్యాంగ్‌బోర్డ్. వేళ్లను ముడిచే ప్రధాన కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి బయలుదేరిన టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటి పోగులు) మణికట్టు దాటి, అరచేతి గుండా వేలి ఎముకల వరకు సాగుతాయి. గాలపు కర్ర మీది రింగులు దారాన్ని కర్రకు దగ్గరగా పట్టి ఉంచినట్టే, ఈ టెండన్లను ఎముకకు అంటిపెట్టి ఉంచే సన్నని పట్టీలు ప్రతి వేలిలోనూ ఉన్నాయి. వాటిని పుల్లీలు అంటారు. రాక్ క్లైంబింగ్ చేసేవారికి ఎక్కువగా తెగేది వేలి మొదట్లో ఉండే ఏ2 పుల్లీ, అందులోనూ తరచుగా ఉంగరపు వేలిది. కండరం కొద్ది వారాల్లోనే బలపడుతుంది గాని, రక్తప్రసరణ తక్కువగా ఉండే టెండన్లకు, పుల్లీలకు నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో మనకు బలం వచ్చినట్టే అనిపిస్తుంది, కాని పుల్లీ మాత్రం ఇంకా పాత పుల్లీయే. అందుకే ఈ సాధనలో బరువు ఎంత పెంచాలన్నది కండరం ఉత్సాహాన్ని బట్టి నిర్ణయించకూడదు.

కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు క్రమం తప్పకుండా క్లైంబింగ్ చేసినవారే ఈ బోర్డు సాధన మొదలుపెట్టడం మంచిది. ఇంకా ఎదుగుతున్న పిల్లల వేలి ఎముకల్లో పెరుగుదల జరిగే చోటు మెత్తగా ఉండి, అధిక భారానికి అక్కడే చీలే ప్రమాదం ఉంది కనుక, వారిచేత అదనపు బరువులతో వేలాడించకూడదు.

బోర్డును గట్టి గోడకో దూలానికో బిగించి, కింద కుర్చీ వేస్తే పాదం ఆనేంత ఎత్తులో ఉంచుకోవాలి. చర్మానికి చెక్క బోర్డు హాయిగా ఉంటుంది. 20 మిల్లీమీటర్ల లోతు, గుండ్రని అంచు ఉన్న పట్టు ఒక్కటి చాలు. మిగిలిన చిత్రవిచిత్రమైన గుంటలు మొదటి ఏడాది అలంకారానికే పనికివస్తాయి.

పట్టుకునే తీరే ఇందులో అసలు విద్య. హాఫ్ క్రింప్‌లో వేలి నడిమి కీలు దాదాపు 90 డిగ్రీలు వంగి ఉంటుంది, బొటనవేలు పక్కన ఊరికే ఉంటుంది. ఓపెన్ హ్యాండ్‌లో వేళ్లు చాలావరకు చాచి ఉంటాయి, పుల్లీల మీద ఒత్తిడి తగ్గుతుంది. బొటనవేలిని చూపుడు వేలి మీదికి మడిచి బిగించే ఫుల్ క్రింప్‌ను బోర్డు మీద వాడవద్దు. ఒకసారి ఫోన్‌ను పక్కనుంచి పెట్టి వీడియో తీసుకోండి. ఏడో సెకను దగ్గర చిటికెన వేలు మెల్లగా తెరుచుకోవడం, దాని వెనుకే చూపుడు వేలి కీలు కిందికి జారడం కనిపిస్తుంది. మీరు వేలాడుతూనే ఉన్నారు గాని, ఆ పట్టు ఇక హాఫ్ క్రింప్ కాదు. ఆ క్షణంలోనే దిగిపోవాలి.

వేలాడే ముందు 15 నుంచి 20 నిమిషాలు ఒళ్లు వేడెక్కించి, పెద్ద పట్టులను పట్టుకుని, పాదాలు కుర్చీకి ఆనించి భారాన్ని అంచెలంచెలుగా పెంచుకుంటూ రావాలి. వేలాడేటప్పుడు భుజాలు చెవుల దాకా లేవకుండా కిందికి లాగి ఉంచాలి, మోచేతులు కాస్త వంచాలి.

పద్ధతి చెప్పడానికి తేలిక: 10 సెకన్లు వేలాడి, 3 నిమిషాలు విశ్రాంతి తీసుకోవాలి, ఇలా 5 సార్లు. ఎంచుకునే భారం, కష్టపడితే 13 సెకన్లు నిలపగలిగేంతగా ఉండాలి. ఒంటి బరువు మొత్తం మొయ్యలేనివారు చిన్నతనంగా భావించనవసరం లేదు. కుర్చీ మీద బరువు తూచే యంత్రం పెట్టి, దానిపై ఒక పాదం ఆనించండి. మీ బరువు 70 కిలోలై, యంత్రం 20 చూపిస్తే వేళ్ల మీద పడుతున్నది 50 కిలోలు. ఈ అంకెను ప్రతిసారీ రాసి పెట్టుకోండి. వరుసగా రెండు సాధనల్లో అయిదు సార్లూ వేళ్ల ఆకారం చెదరకుండా నిలిస్తేనే ఒకటి రెండు కిలోలు పెంచండి. మూడో వారంలోనే ఒకేసారి 5 కిలోలు పెంచిన నేను, ఆ తర్వాత నెలన్నర పాటు నీళ్ల సీసా మూత తిప్పడానికి కూడా ఎడమ చేతిని వాడాల్సి వచ్చింది.

వారానికి రెండు సాధనలు, మధ్య కనీసం 48 గంటల ఎడం చాలు. అలసిపోయేలా ఎక్కి వచ్చిన రోజున బోర్డు జోలికి పోవద్దు. 7 సెకన్లు వేలాడి 3 సెకన్లు వదిలే రిపీటర్లు, ఆరు సార్లకు ఒక నిమిషమవుతాయి. అవి ఓర్పును పెంచుతాయి, వాటికి భారం తక్కువగా ఉండాలి. 1988లో జర్మన్ క్లైంబర్ వోల్ఫ్‌గాంగ్ గుల్లిష్ న్యూరెంబర్గ్‌లో రూపొందించిన క్యాంపస్ బోర్డు ఇంతకంటే కఠినమైనది; పాదాలు ఆనించకుండా చేతులతోనే ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు దూకే ఆ సాధనను దీనితో కలపవద్దు.

ముంజేతిలో బిగుతుగా, బరువుగా ఉంటే అది సహజమైన అలసటే. వేలాడుతుండగా వేలిలో టప్‌మని శబ్దం వస్తే మాత్రం అక్కడితో ఆపి వైద్యుణ్ణి కలవాలి. శబ్దం రాకపోయినా, మర్నాడు ఉదయం ప్రతి వేలి మొదటి భాగాన్ని అరచేతి వైపునుంచి బొటనవేలితో నొక్కి చూడండి. ఒకే చోట చురుక్కుమంటే ఆ నొప్పి పూర్తిగా పోయేవరకు బోర్డు ముట్టుకోవద్దు, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పుస్తకంలో రాసుకున్న అంకెలో సగం నుంచి మొదలుపెట్టండి.