ఆల్ప్స్ యాత్రకు పథకం – 3వ పాఠం: మూడు పేర్ల ఊళ్లు, రెండు మకాములు

గత పాఠం చివర మీకు ఇచ్చిన పని, ఉత్తర ఇటలీలోని కొండసీమ దక్షిణ టిరోల్‌కు ఏ వారం వెళ్లాలో తేల్చుకొని నోటుపుస్తకంలో రాసుకోవడం. ఆగస్టు 15 చుట్టుపక్కల రాసినవారు దయచేసి కొట్టేయండి. ఆ రోజు ఇటలీ అంతటికీ పెద్ద పండుగ సెలవు, సగం దేశం కొండలెక్కుతుంది. నవంబరు రాసినవారికి గదులు చవకగా దొరుకుతాయి గానీ రోప్‌వేలు చాలావరకు ఆగిపోయి ఉంటాయి. నేను సెప్టెంబరు మూడో వారం, ఏడు రాత్రులు రాసుకున్నాను. వేసవి మేతకు ఆస్ట్రియా వైపు పంపిన గొర్రెలను ష్నాల్స్ లోయ కాపరులు కనుమలు దాటించి ఇంటికి తోలుకొచ్చేది ఆ రోజుల్లోనే. కాలినడకన మందలు తోలే ఈ సంప్రదాయాన్ని యునెస్కో 2019లో మానవాళి వారసత్వాల్లో చేర్చింది.

ఈ పాఠంలో మకాం ఎక్కడ పెట్టాలో నేర్చుకుంటాం. కానీ ముందు పేర్ల సంగతి తేలాలి. అది తేలకపోతే నాకు జరిగినట్టే మీకూ జరుగుతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు, అక్కడి కొండల్లో సొంత భాష ఉన్న చిన్న జాతి లదీన్‌ల మ్యూజియం చూడాలని, అది ఉన్న సాంక్ట్ మార్టిన్ అనే ఊళ్లో గది మాట్లాడుకున్నాను. బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు, బస్సు వేళలు చూద్దామని కూర్చుంటే ఏదీ కలవదు. తీరా చూస్తే నేను గది తీసుకున్నది పస్సైయర్ లోయలోని సాంక్ట్ మార్టిన్. మ్యూజియం ఉన్నది తూర్పున, బాదియా లోయలోని సాంక్ట్ మార్టిన్. మధ్యలో సగం రాష్ట్రం అడ్డం. గ్జీస్ లోయలో మూడో సాంక్ట్ మార్టిన్ కూడా ఉందని అప్పుడే తెలిసింది. మన దగ్గర ఎవరైనా కొత్తపల్లి అంటే "ఏ కొత్తపల్లి, ఏ మండలం?" అని అడగందే ఉత్తరం కూడా వేయం. విదేశం అనేసరికి ఆ బుద్ధి ఎటు పోయిందో! గది రద్దు రుసుము చెల్లించి ఆ చదువు నేర్చుకున్నాను.

మొదటి సూత్రం అదే. ఊరి పేరు పక్కన లోయ పేరు రాయందే దాన్ని మీ పథకంలోకి రానివ్వకండి.

ఒకే పేరుకు ఇన్ని ఊళ్లుండటమే కాదు, ఇక్కడ ఒకే ఊరికి రెండు మూడు పేర్లూ ఉంటాయి. ఎందుకు? మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఈ నేల ఆస్ట్రియా–హంగరీలో ఉండేది, మాట జర్మన్. 1919 సెయింట్ జర్మేన్ ఒప్పందంతో ఇటలీ చేతికి వచ్చింది. ఫాసిస్టుల కాలంలో, 1923లో, ఎత్తోరె తొలొమేయి అనే ఆయన తయారుచేసిన ఇటాలియన్ పేర్ల జాబితాను ప్రభుత్వం అధికారికం చేసింది. ష్టెర్ట్‌సింగ్ విపితేనో అయింది, బ్రిక్సెన్ బ్రెస్సనోనె అయింది. 1972 నాటి స్వయంప్రతిపత్తి శాసనం జర్మన్‌కు సమాన హోదా గట్టిగా ఇచ్చాక బోర్డుల మీద రెండు పేర్లూ నిలిచిపోయాయి. ఈ రెండింటికంటే పాతది లదీన్, లాటిన్ నుంచి పుట్టిన కొండల భాష. గార్డెనా, బాదియా లోయల్లో అది ఇప్పటికీ ఇంటి మాట, బడి మాట. అందుకే అక్కడ బోర్డు మీద మూడు వరసలు ఉంటాయి: ఒర్తిసేయి, సాంక్ట్ ఉల్రిఖ్, ఉర్తిజేయ్. మూడూ ఒకే ఊరు. 2011 జనగణనలో లదీన్ తమ భాష అని చెప్పినవారు నూటికి నలుగురైదుగురే. అంత చిన్న భాష సొంత లోయలో బోర్డు కెక్కి కూర్చోవడం నాకు భలే నచ్చుతుంది.

నోటుపుస్తకంలో ఒక పేజీకి మూడు నిలువు గీతలు గీసి నాలుగు గడులు చేయండి. జర్మన్ పేరు, ఇటాలియన్ పేరు, లదీన్ పేరు ఉంటే అది, చివర లోయ. మీరు వెళ్లే ప్రతి ఊరినీ ఇలా రాయండి. పది ఊళ్లకు పావుగంట కూడా పట్టదు. ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. రైలు స్టేషన్‌లో ప్రకటన వినబడినప్పుడు చేతికందేది అదే.

ఇక మకాం. చూడాలనుకున్నవన్నీ ఒక్కొక్క చీటీ మీద రాయండి. తర్వాత మూడు నాలుగు ఊళ్లను మకాం అభ్యర్థులుగా నిలబెట్టండి. ఒక్కో ఊరి నుంచి ఒక్కో చీటీకి బస్సులో, రైల్లో ఎంతసేపో రాసి, గంటలోపు ఉన్నవాటిని లెక్కపెట్టండి. కిలోమీటర్లు రాయకండి. కొండల్లో పక్క లోయ కాకి ఎగిరితే పది కిలోమీటర్లు, బస్సెక్కితే రెండు గంటలు.

నా లెక్కలో పోటీ మూడు ఊళ్ల మధ్య. బొల్జానో రాజధాని, రైళ్లన్నీ అటే, మంచులో చెడకుండా దొరికిన 5,300 ఏళ్ల నాటి మనిషి ఎట్సిని ఉంచిన మ్యూజియమూ అక్కడే. కానీ ఊరు 262 మీటర్ల ఎత్తులో, నాలుగు వైపులా కొండల మధ్య గిన్నె అడుగున ఉంది. వేసవిలో కుతకుతలాడుతుంది. చల్లదనం కోసం అంత దూరం వెళ్లి మళ్లీ ఉక్కపోతలో పడుకోవడం ఎందుకు? ఒర్తిసేయి 1,236 మీటర్ల ఎత్తు, 17వ శతాబ్దం నుంచీ కొయ్య బొమ్మలు చెక్కే ఊరు. కొండపల్లి చూసినవారికి ఆ అంగళ్ల ముందు కాళ్లు కదలవు. లోపమల్లా ఒకటే, ఊరికి రైలు లేదు. బ్రిక్సెన్ మధ్యస్థం: రైలు ఉంది, బొల్జానో అరగంట, 1142లో కట్టిన నోయ్‌ష్టిఫ్ట్ మఠం మూడు కిలోమీటర్ల దూరంలోనే.

బ్రిక్సెన్‌కు నేను ఓటు వేయడానికి ఇంకో కారణం ఏనుగు.

ప్రధాన చర్చి పక్కన రాతి ముంగిలి ఒకటి ఉంది. మన మండువా ఇంటిని రాతితో కట్టి, చుట్టు వసారా పైకప్పంతా బొమ్మలతో నింపినట్టు ఉంటుంది. ఆ 15వ శతాబ్దపు బొమ్మల్లో తలెత్తి వెతికితే ఒక జంతువు కనబడుతుంది. ఒళ్లు గుర్రానిది, ముఖానికి పొడవాటి తొండం. ఏనుగును ఎన్నడూ చూడని చిత్రకారుడు విన్న మాటలను పట్టుకొని గీశాడు. గుళ్లో ఏనుగును చూస్తూ పెరిగిన మనకు నవ్వు ఆగదు. తమాషా ఏమిటంటే ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు నిజం ఏనుగే ఆ ఊరికి నడిచొచ్చింది. పోర్చుగల్ రాజు ఆస్ట్రియా యువరాజు మాక్సిమిలియన్‌కు ఇచ్చిన సొలిమన్ అనే ఆసియా ఏనుగు, వియన్నాకు వెళ్తూ 1551–52 చలికాలంలో బ్రిక్సెన్‌లో సుమారు రెండు వారాలు ఆగింది. దాన్ని కట్టేసిన సత్రానికి ఏనుగు పేరే స్థిరపడింది, ఇప్పటికీ అక్కడ అతిథులు దిగుతున్నారు. పాపం ఆ చిత్రకారుడు కాస్త తొందరపడ్డాడు.

ఇలాంటిది మెడ నొప్పి పుట్టేదాకా చూడాలి. రైలు దిగి గంటలో మళ్లీ రైలెక్కేవారికి దొరకదు. అందుకే ఏడు రాత్రులకు నేను రెండు మకాములు మించనివ్వను: బ్రిక్సెన్‌లో నాలుగు, ఒర్తిసేయిలో మూడు. ఎట్సి మ్యూజియానికి బ్రిక్సెన్ నుంచే వెళ్లిరావచ్చు. అది సెప్టెంబరులో సోమవారాలు మూసి ఉంటుంది కనుక, ముందు దాన్ని వేరే రోజున ఇరికించి తర్వాతే మిగతావి సర్దండి. ఒర్తిసేయి నుంచి రోప్‌వే ఎక్కితే జైసర్ ఆల్మ్ పచ్చిక మైదానం. ఐరోపాలో ఆ ఎత్తున ఉన్న వాటిలో అతి పెద్దది, దాదాపు 56 చదరపు కిలోమీటర్లు. పగటిపూట అక్కడికి సొంత కార్లను రానివ్వరు, కనుక కారు అద్దెకు తీసుకోలేదే అన్న బెంగ అక్కర్లేదు. పైగా చాలా వసతి గృహాలు గెస్ట్ పాస్ ఇస్తాయి. అది ఉంటే రాష్ట్రంలోని బస్సులు, ప్రాంతీయ రైళ్లు ఉచితం. గది మాట్లాడేటప్పుడే ఒక్క వాక్యంలో అడగండి.

ఈ పథకంలో నేను వదిలేసింది రెషెన్ సరస్సు. 1950లో జలాశయం కోసం గ్రౌన్ ఊరిని ముంచేస్తే 14వ శతాబ్దపు గంటల గోపురం ఒక్కటే నీళ్లలో నిలబడి ఉంది. శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడటం చూసినదాన్ని, ఆ గోపురం చూడాలని మనసు లాగింది. కానీ అది పశ్చిమ కొస. బ్రిక్సెన్ నుంచి పోయిరావడానికి రోజంతా బస్సులో, రైల్లో గడుస్తుంది. చీటీ చింపలేదు, వెనక పేజీలో దాచాను.

రాత్రుల లెక్క వీసాకు కూడా కావాలి. విమానం మ్యూనిక్‌లో దిగి, అక్కడ రెండు రాత్రులుండి, సుమారు మూడున్నర గంటల రైల్లో బ్రిక్సెన్ చేరుతున్నారనుకోండి. ఎక్కువ రాత్రులు ఇటలీలో కనుక షెంగెన్ వీసాకు (ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) ఇటలీకే దరఖాస్తు చేయాలి. దిగేది జర్మనీలో కదా అని అటు వెళ్లకండి.

శాకాహారులకు ఒక మాట, మకాంతో దీనికీ సంబంధం ఉంది. పాలకూర, పెరుగు జున్ను కూరిన ష్లుట్స్‌క్రాప్‌ఫెన్ ఇక్కడి కజ్జికాయ, ధైర్యంగా తినవచ్చు. క్నోడెల్ ఉండలు మాత్రం అడిగి తినాలి. పాలకూరవీ ఉంటాయి, ష్పెక్ అనే పంది మాంసం కలిపినవీ ఉంటాయి. పాలకూర ఉండనైనా గొడ్డు మాంసపు రసంలో తేల్చి ఇచ్చే అవకాశం ఉంది. ఒర్తిసేయిలో కనీసం వంటగది ఉన్న గది చూసుకోండి. మూడో రోజుకు చారన్నం గుర్తొస్తుంది.

ఇక అభ్యాసం. మీ చీటీల్లోంచి రెండు మకాములు తేల్చండి, పేర్ల పేజీ నింపండి, ఏ పనీ పెట్టుకోని ఒక పూటను ముందే గీత గీసి ఖాళీగా ఉంచండి. వాన పడితే మీ పథకాన్ని కాపాడేది ఆ పూటే. వచ్చే పాఠంలో కొండ నడక లెక్క నేర్చుకుంటాం. అక్కడి దారి పలకల మీద దూరం ఉండదు, గంటలే ఉంటాయి. ఆరు కిలోమీటర్ల దారి, 450 మీటర్ల ఎక్కుడు: ఎంతసేపు పడుతుందో మీ ఊహను పెన్సిల్‌తో రాసి ఉంచండి.